సిలిండర్ హెడ్‌కు బీడా, అల్యూమినియమా?

హెడ్ పోయిన ఇంజన్ చుట్టూ నలుగురు చేరితే ఈ వాదన రాక తప్పదు. "బీడు హెడ్ అయితే ఎంత కాగినా ఓర్చుకుంటుంది, ఈ అల్యూమినియం ఒక్కసారి వేడెక్కితే వంగి కూర్చుంటుంది" అని ఒకరంటారు. "ఇప్పుడొచ్చే కార్లన్నిటికీ అల్యూమినియం హెడ్లే కదా, కంపెనీల వాళ్లకు ఆ మాత్రం తెలియదా" అని ఇంకొకరు. రెండు మాటల్లోనూ నిజముంది. కానీ ఇద్దరూ లోహాన్ని మాత్రమే చూస్తున్నారు. ఆ లోహం మీద ఎంత ఒత్తిడి పడుతోంది, ఎంత వేడి దిగుతోంది, దాని సందుల్లో తిరిగే నీళ్లు ఎలాంటివి, పాడైతే బాగుచేసే చెయ్యి దగ్గర్లో ఉందా అని అడగడం లేదు. నా లెక్కలో ఎంపికను తేల్చేవి ఆ నాలుగు ప్రశ్నలే. వందేళ్లుగా ఇంజన్లు కట్టినవాళ్లు ఈ రెండు లోహాలతో ఏం చేశారో, ఎక్కడ నెగ్గారో, ఎక్కడ చేతులు కాల్చుకున్నారో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

రెండు లోహాల గుణం

పైకి చూస్తే హెడ్ సిలిండర్‌కు మూత. లోపల మాత్రం వాల్వులు, గాలి వచ్చే దారి, పొగ పోయే దారి (ఈ దారులనే పోర్టులంటారు), స్పార్క్ ప్లగ్గో డీజిల్ ఇంజెక్టరో దిగే రంధ్రం, వీటన్నిటి మధ్య నుంచి నీళ్లు పారే సందులు ఉంటాయి. ఇంత సన్నటి గోడల మీద ఇంత వేడి, ఇంత ఒత్తిడి ఒక్కసారిగా పడే చోటు ఇంజన్ మొత్తంలో మరొకటి లేదు. ముఖ్యంగా ఇన్‌లెట్ వాల్వుకీ ఎగ్జాస్ట్ వాల్వుకీ మధ్య మిగిలే సన్నటి పట్టీ. ఒక పక్క చల్లటి గాలి, మరో పక్క మండిన పొగ. హెడ్లు ఎక్కువగా పగిలేది అక్కడే, లోహం ఏదైనా సరే.

ఘన సెంటీమీటరు బీడు, అంటే పోత ఇనుము, సుమారు 7.2 గ్రాములు తూగుతుంది. అల్యూమినియం 2.7 గ్రాములు. అలాగని హెడ్ బరువు మూడో వంతుకు పడిపోదు. అల్యూమినియం మెత్తన కాబట్టి గోడలు మందంగా పోస్తారు. వాల్వు సీట్లు, గైడ్లు వేరే గట్టి లోహంతో చేసి అందులో బిగిస్తారు. చివరికి బరువు సగం దగ్గర ఆగుతుంది. అమెరికాలో 1955లో వచ్చిన షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 ఇంజన్‌కు బీడు హెడ్లు తీసి అల్యూమినియం హెడ్లు పెడితే జత మీద సుమారు 20 కిలోలు తగ్గుతుంది. ఆ బరువంతా ముందు చక్రాల మీద, అదీ ఇంజన్ పైభాగాన ఉండే బరువు. వేగంగా మలుపులు తిరిగే కారుకు ఆ తేడా తెలుస్తుంది. లోడెత్తిన లారీకి ఆ లెక్కే పట్టదు.

అసలు తేడా వేడిని మోయడంలో ఉంది. ఇనుప పెనం మీద మంట తగిలిన చోట దోసె మాడుతుంటే అంచులు పచ్చిగానే ఉంటాయి. అల్యూమినియం గిన్నెలో వేడి చప్పున అంతటా పాకుతుంది. అంకెల్లో చెబితే బీడు వేడిని మోసే గుణం 50 అనుకుంటే, హెడ్లకు వాడే అల్యూమినియం మిశ్రమాలది 120 నుంచి 150 దాకా ఉంటుంది. దీని ఫలితం ఏమిటో చిన్న లెక్క వేసి చూద్దాం. పూర్తి లోడు మీద నడిచే ఇంజన్‌లో హెడ్ అడుగు భాగంలోకి చదరపు మీటరుకు 5 లక్షల వాట్ల చొప్పున వేడి దిగుతోందని, మంట తగిలే ముఖానికీ నీళ్లు తగిలే ముఖానికీ మధ్య లోహం 10 మిల్లీమీటర్ల మందం ఉందని అనుకుందాం. బీడులో ఆ రెండు ముఖాల మధ్య వేడి తేడా 100 డిగ్రీలు వస్తుంది. అల్యూమినియంలో, దాని గుణం 150 అనుకుంటే, 33 డిగ్రీలు. నీళ్ల వైపు రెండూ ఒకే వేడిమీద ఉన్నా, మంట వైపు అల్యూమినియం ముఖం 65 డిగ్రీలకు పైగా చల్లగా ఉంటుందన్నమాట.

అల్యూమినియం హెడ్‌కు పెట్రోలు ఇంజన్లలో ఇంత పేరు రావడానికి కారణం ఈ తేడాయే. స్పార్క్ అంటించిన మంట ఛాంబర్ అంతా పాకేలోపు, అంచుల్లో మిగిలిన గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం గోడల వేడికీ ఒత్తిడికీ దానంతటదే భగ్గుమంటే టకటకమని శబ్దం వస్తుంది. నాకింగ్ అంటాం. అది ముదిరితే పిస్టన్ తలకు చిల్లి పడుతుంది. గోడ చల్లగా ఉంటే ఆ ప్రమాదం వెనక్కి జరుగుతుంది కాబట్టి, అదే పెట్రోలు మీద కంప్రెషన్ రేషియో అర పాయింటు నుంచి ఒక పాయింటు దాకా పెంచుకోవచ్చని ఇంజన్లు కట్టేవాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. ఛాంబర్ ఆకారాన్ని బట్టి, స్పార్క్ టైమింగ్‌ను బట్టి ఈ అంకె మారుతుంది. అన్ని ఇంజన్లకూ ఒకే సూత్రంగా పట్టుకుంటే తప్పవుతుంది.

దీనికి ఎదురు వాదన కూడా తరచు వినిపిస్తుంది. అల్యూమినియం వేడిని లాగేస్తుంది, వేడే పవర్ కాబట్టి ఆ మేరకు పవర్ పోతుందని. మాట సగమే సరైనది. మండుతున్న వాయువుకూ నీళ్లకూ మధ్య వేడికి పెద్ద అడ్డం లోహం గోడ కాదు. ఆ గోడను అంటిపెట్టుకుని ఉండే పలచటి వాయువు పొర. పై లెక్కలోనే ఆ పొరను, నీళ్ల వైపు పొరను కూడా కలిపి చూస్తే, బీడు బదులు అల్యూమినియం పెట్టినందువల్ల హెడ్ గుండా పోయే వేడి నూటికి ఐదారు పాళ్లు మాత్రమే పెరుగుతుంది. అందులో చక్రాల దాకా చేరాల్సిన పవర్ వాటా ఇంకా తక్కువ. కంప్రెషన్ కొద్దిగా పెంచితే ఆ నష్టం పూడిపోతుంది. కంప్రెషన్ పెంచకుండా, పోర్టులు మార్చకుండా, లోహం ఒక్కటే మార్చి పవర్ పెరుగుతుందని ఆశిస్తే మాత్రం డబ్బు దండగ.

పవర్‌ను నిర్ణయించేది పోర్టు ఆకారం, ఛాంబర్ ఆకారం. షెవర్లే ఇంజన్లలోనే దీనికి గట్టి రుజువు ఉంది. 1980ల రెండో భాగంలో కార్వెట్ స్పోర్ట్స్ కారుకు అల్యూమినియం హెడ్లు వచ్చాయి. ఆ తరువాత 1996లో అదే కంపెనీ లారీలకు, వ్యాన్లకు వోర్టెక్ అనే బీడు హెడ్‌ను తెచ్చింది. పోర్టులు, ఛాంబర్ కొత్తగా గీసిన ఆ బరువైన హెడ్, స్పోర్ట్స్ కారు మీది తేలికైన హెడ్ కంటే గాలిని బాగా పారనిచ్చింది. పాత ఇంజన్లు తిరగ్గట్టే అమెరికన్లు తక్కువ ఖర్చులో పవర్ కావాలంటే చాలాకాలం ఆ లారీ హెడ్ల కోసమే వెతికారు. అయితే వాటికి కూడా వాల్వు సీట్ల మధ్య పగుళ్ల బెడద ఉంది. బీడు పగలదన్న నమ్మకానికి అదొక జవాబు.

అల్యూమినియం హెడ్ ఇంజన్ త్వరగా కాగుతుందని మరో మాట ఉంది. కిలోకు లెక్కేస్తే అల్యూమినియం బీడు కంటే దాదాపు రెట్టింపు వేడిని మింగుతుంది. హెడ్ బరువేమో సగం. రెండూ కొట్టేసుకుంటాయి. ఉదయం పూట ఇంజన్ వేడెక్కే సమయంలో హెడ్ లోహం వల్ల పెద్ద తేడా రాదు. నీళ్ల పరిమాణం, థర్మోస్టాట్ తేల్చే సంగతి అది.

విమానాల నుంచి కార్లకు

అల్యూమినియం హెడ్‌కు మొదట గిరాకీ వచ్చింది రోడ్డు మీద కాదు, ఆకాశంలో. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో గిబ్సన్, శామ్ హెరన్ అనే ఇద్దరు ఇంజనీర్లు గాలితో చల్లబడే సిలిండర్ల మీద వరుసగా ప్రయోగాలు చేశారు. బీడు హెడ్ ఉంటే ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర వేడి పేరుకుపోతోందని, అల్యూమినియం పెడితే ఆ వేడి రెక్కల దాకా వ్యాపించి గాలిలో కలుస్తోందని తేల్చారు. తరువాత వచ్చిన పెద్ద విమాన ఇంజన్లన్నీ ఆ దారిలోనే నడిచాయి. ఎగ్జాస్ట్ వాల్వు కాడలో సోడియం పోసి చల్లబరిచే పద్ధతి కూడా హెరన్ చేతి మీదుగానే వచ్చింది. ఇంగ్లండు నేషనల్ ఫిజికల్ లాబరేటరీ అదే కాలంలో రాగి, నికెల్, మెగ్నీషియం కలిపి వేడిలో బలం నిలుపుకునే వై అల్లాయ్‌ను తయారుచేసింది. 1920ల తొలినాళ్లలో అలదార్ పాచ్ అనే రసాయన శాస్త్రవేత్త అల్యూమినియం, సిలికాన్ మిశ్రమంలో కొద్దిగా సోడియం చేరిస్తే పెళుసుదనం తగ్గుతుందని చూపించాడు. ఇవాళ మన కార్ల హెడ్లు పోసే మిశ్రమాలు ఆ అల్యూమినియం, సిలికాన్ కుటుంబానివే.

కార్లలోకి అది నెమ్మదిగా వచ్చింది. ఫోర్డ్ వీ8కు 1930ల్లో కొన్నేళ్లు అల్యూమినియం హెడ్లు పెట్టారు. 1960లో షెవర్లే కార్వెట్‌కు అల్యూమినియం హెడ్లు ఇస్తామని ప్రకటించి, పోతలో చిక్కులు రావడంతో మానుకుంది. 1967లో రేసు కోసం చేసిన ఎల్88 ఇంజన్‌తో ఆ మాట నిలబెట్టుకుంది. 1973 చమురు సంక్షోభం, దాని వెంట 1975లో అమెరికా తెచ్చిన ఇంధన చట్టం కార్ల కంపెనీలను ప్రతి కిలో లెక్కపెట్టేలా చేశాయి. యూరప్, జపాన్ చిన్న కార్లలో అప్పటికే అల్యూమినియం హెడ్ మామూలైంది. కార్వెట్‌కు 1986లో మళ్లీ పెట్టినప్పుడు కూడా మొదట్లో పగుళ్లు వచ్చి, సరిదిద్దేదాకా బీడు హెడ్లతోనే కార్లు పంపారు. ఇంత పెద్ద కంపెనీకి 26 ఏళ్లలో రెండుసార్లు తడబాటు తప్పలేదంటే, ఈ లోహం పోత పనిలో ఎంత జాగ్రత్త కోరుతుందో ఊహించుకోవచ్చు. 1997లో వచ్చిన ఎల్ఎస్ 1 ఇంజన్‌తో హెడ్, బ్లాక్ రెండూ అల్యూమినియమే అయ్యాయి. ఆ కుటుంబంలోనే లారీల కోసం చేసిన 6.0 లీటర్ల ఇంజన్ మొదటి రెండేళ్లు బీడు హెడ్‌తో వచ్చి, ఆ తరువాత అల్యూమినియానికి మారింది.

కింద ఒక లోహం, పైన ఒక లోహం

షెడ్డులో వినబడే ఫిర్యాదుల్లో చాలావాటికి అల్యూమినియం హెడ్‌ను విడిగా నిందించడం న్యాయం కాదు. తప్పు ఎక్కువగా జోడీలో ఉంటుంది. కింద బీడు బ్లాక్, పైన అల్యూమినియం హెడ్, మధ్యలో గాస్కెట్, నాలుగు పక్కలా ఉక్కు బోల్టులు. వేడికి అల్యూమినియం బీడు కంటే రెట్టింపు సాగుతుంది. అర మీటరు పొడవున్న హెడ్, చల్లగా ఉన్నప్పటి కంటే 80 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 0.88 మిల్లీమీటర్లు పెరుగుతుంది; దాని కింది బ్లాక్ 0.44 మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఇంజన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ ఆ తేడా గాస్కెట్‌ను రాపిడి పెడుతూనే ఉంటుంది. హెడ్ ఎత్తు కూడా బోల్టు కంటే ఎక్కువ పెరిగి బోల్టును లాగుతుంది. మామూలు వేడిలో ఇదంతా లెక్కలోనే ఉంటుంది, డిజైన్ చేసినవాళ్లు చోటు వదిలే ఉంచుతారు. నీళ్లు పోయి ఇంజన్ మరీ కాగినప్పుడు హెడ్ సాగడానికి చోటు లేక, బోల్టుల మధ్య నలిగి, చల్లారాక వంకరగా మిగులుతుంది. పొరలు పొరలుగా ఉండే స్టీల్ గాస్కెట్లు వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. వాటికి కావాల్సిందల్లా కింద, పైన నునుపైన ముఖాలు. పాత ఫైబర్ గాస్కెట్‌కు సరిపోయిన గరుకు ఫేసింగ్ వీటికి సరిపోదు.

జోడీ తప్పితే ఏమవుతుందో చెప్పడానికి రెండు కార్లు చాలు. బ్రిటిష్ ట్రయంఫ్ స్టాగ్, 1970 నుంచి 1977 దాకా వచ్చింది. బీడు బ్లాక్ మీద అల్యూమినియం హెడ్లు. నీళ్ల పంపు ఎత్తులో ఉండటంతో కొద్దిగా నీళ్లు తగ్గినా పంపు ఎండిపోయేది, హెడ్లు వంగిపోయేవి. దించుదామంటే హెడ్‌ను పట్టుకున్న స్టడ్లు కొన్ని ఏటవాలుగా బిగించి ఉండేవి. అవి తుప్పుపట్టి అల్యూమినియంలో ఇరుక్కుంటే హెడ్ ఊడివచ్చేది కాదు. మంచి కారు పేరు ఆ ఇంజన్ వల్లే పోయింది. రెండోది దానికి తలకిందులు: జనరల్ మోటార్స్ 1970లో విడుదల చేసిన షెవర్లే వేగా. లైనర్లు లేని అల్యూమినియం బ్లాక్, దాని మీద బరువైన బీడు హెడ్. ఖర్చు తగ్గించడానికి చేసిన ఏర్పాటు అది. నీళ్లు కాస్త తగ్గి ఇంజన్ కాగితే హెడ్ బాగానే ఉండేది, కింద బోరు గోడలు చెడేవి. హెడ్ బీడుదైనంత మాత్రాన ఇంజన్ నిలబడదని వేగా చూపించింది.

ఇదే పాఠం డీజిల్లోనూ దొరుకుతుంది. ఫోర్డ్ పికప్‌లకు 2003 నుంచి వచ్చిన 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజన్‌కు బీడు హెడ్లే. అయినా హెడ్ గాస్కెట్లు పోవడంలో దానికి ఉన్నంత చెడ్డ పేరు మరే ఇంజన్‌కూ లేదేమో. టర్బో ఒత్తిడికి తగినంత పట్టు బోల్టులకు లేదు. ప్రతి సిలిండర్ చుట్టూ నాలుగే బోల్టులు.

డీజిల్ సంగతి

డీజిల్లో ప్రశ్న మారుతుంది. ఇక్కడ నాకింగ్ భయం లేదు, కాబట్టి అల్యూమినియానికి పెట్రోలు ఇంజన్లో ఉన్న పెద్ద లాభం ఇక్కడ చిన్నదవుతుంది. ఒత్తిడి మాత్రం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజన్లో మంట ఒత్తిడి 60 నుంచి 80 బార్ దగ్గర ఉంటే, నేటి టర్బో డీజిల్ కార్లలో 160 దాటుతుంది, పెద్ద లారీ ఇంజన్లలో 200 పైకి పోతుంది. అల్యూమినియం బలం 200 డిగ్రీలు దాటాక త్వరత్వరగా పడిపోతుంది. హెడ్‌కు గట్టిదనం ఇచ్చేదే వేడి చికిత్స: 540 డిగ్రీల దగ్గర నానబెట్టి, చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో పండిస్తారు. ఇంజన్ విపరీతంగా కాగితే ఆ చికిత్స అంతా వృథా అయి లోహం మెత్తబడుతుంది. బీడుకు ఆ వేడి ఒక లెక్కలోది కాదు.

అందుకే లారీలు, బస్సులు, ట్రాక్టర్లు ఇప్పటికీ బీడు మీదే నిలబడ్డాయి. పెద్ద లారీ ఇంజన్లలో కొన్నిటికి సిలిండర్‌కు ఒక హెడ్ చొప్పున విడివిడిగా ఉంటుంది. ఒకటి పగిలితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. అల్యూమినియం డీజిల్లో కుదరదని దీని అర్థం కాదు. మన రోడ్ల మీద స్విఫ్ట్, డిజైర్ టాక్సీల్లో లక్షల కిలోమీటర్లు తిరిగిన 1.3 లీటర్ల ఫియట్ మల్టీజెట్ ఇంజన్‌కు బీడు బ్లాక్, అల్యూమినియం హెడ్. అమెరికా పికప్‌ల మార్కెట్లో ఒకే తరగతి బండ్లకు మూడు కంపెనీలు మూడు రకాలుగా జవాబు చెప్పాయి. కమిన్స్ 6.7 లీటర్ల ఇంజన్ బ్లాక్, హెడ్ రెండూ ఇనుముతోనే పోస్తుంది. జనరల్ మోటార్స్ డ్యురామాక్స్ 2001 నుంచీ బీడు బ్లాక్ మీద అల్యూమినియం హెడ్లు పెడుతోంది. ఫోర్డ్ 2011 మోడల్ నుంచి తన కొత్త 6.7 లీటర్లకు మామూలు బీడు కంటే బలమైన కాంపాక్టెడ్ గ్రాఫైట్ ఇనుముతో బ్లాక్, అల్యూమినియంతో హెడ్లు చేసింది. మూడూ నడుస్తున్నాయి, మూడూ బరువులు లాగుతున్నాయి. మెర్సిడెస్ 2016లో ఓఎం 654 డీజిల్‌తో ఇంకో అడుగు వేసింది: హెడ్, బ్లాక్ అల్యూమినియం, పిస్టన్లేమో ఉక్కువి. వేడి బయటికి పోవాల్సిన చోట అల్యూమినియం, వేడిని, ఒత్తిడిని ఓర్చాల్సిన చోట ఉక్కు. నాకు చాలా నచ్చిన ఆలోచన ఇది.

మన బండ్లు, మన నీళ్లు

మన దేశంలో ఈ రెండు లోహాలూ పక్కపక్కనే బతికిన కాలం ఒకటుంది. అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ ఇంజన్‌కు బ్లాక్, హెడ్ రెండూ బీడు. ప్రీమియర్ పద్మినీలోని 1089 సీసీ ఫియట్ ఇంజన్‌కు బీడు బ్లాక్ మీద అల్యూమినియం హెడ్. ఒకటి బరువుగా, నిదానంగా, ఎవరి చేతిలోనైనా బతికింది. మరొకటి చురుగ్గా పరిగెత్తింది, నీళ్ల విషయంలో శ్రద్ధ కోరింది. హైదరాబాదులో అంబాసిడర్ టాక్సీలు నడిపినవాళ్లు ఆ కారును ఎందుకంతగా నమ్మారో చెప్పడానికి సస్పెన్షన్ ఒక్కటే చాలదు, ఆ హెడ్‌కూ అందులో వాటా ఉంది. పాత బుల్లెట్‌ను కాస్ట్ ఐరన్ బుల్లెట్ అని మురిపెంగా పిలుస్తారు కానీ, దాని బ్యారెల్ మాత్రమే బీడు. హెడ్ అప్పుడూ అల్యూమినియమే.

అంబాసిడర్ లాంటి బీడు హెడ్లకు తరువాత మరో పరీక్ష వచ్చింది. వాటిలో వాల్వు సీట్లను హెడ్ బీడులోనే కోసేవారు. పెట్రోల్లోని సీసం ఆ సీట్ల మీద పూతలా పేరుకుని అరుగుదలను ఆపేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మడంతో ఆ రక్షణ పోయింది. అల్యూమినియం హెడ్లకు మొదటి నుంచీ గట్టి లోహపు సీట్లు విడిగా బిగించాల్సిందే కాబట్టి వాటికి ఆ ఇబ్బంది తక్కువ. ఎల్పీజీ, సీఎన్జీ కిట్లు పెట్టినప్పుడూ ఇదే సమస్య. గ్యాస్ పొడిగా మండుతుంది, సీట్లను అరగదీస్తుంది. పాత బీడు హెడ్ ఇంజన్‌కు గ్యాస్ కిట్ పెట్టాలనుకునేవాళ్లు ముందు గట్టి సీట్లు వేయించుకోవాలి.

నీళ్ల విషయం ఇంకా పెద్దది. మన ఊళ్లలో రేడియేటర్లో దగ్గరున్న బోరు నీళ్లు పోసేయడం అలవాటు. ఆ నీళ్లలోని సున్నం వేడికి విడిపోయి హెడ్ సందుల్లో పొరగా పడుతుంది. ఆ పొర వేడిని మోసే గుణం బీడు గుణంలో 25వ వంతు ఉంటే గొప్ప. ఇందాకటి లెక్కనే మళ్లీ వేస్తే, ఒక్క మిల్లీమీటరు సున్నం పొర దగ్గర 250 డిగ్రీల తేడా రావాలి. అంత వేడి అక్కడ నిలవదు, పక్కలకు మళ్లుతుంది, నీళ్లు ఉడుకుతాయి. లెక్క చెప్పే సంగతి మాత్రం ఒక్కటే: బీడుకూ అల్యూమినియానికీ మధ్య ఉన్న 65 డిగ్రీల తేడాను ఒక మిల్లీమీటరు సున్నం నాలుగింతలుగా మింగేస్తుంది. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోమంటాను.

అల్యూమినియానికి ఆ నీళ్లలో మరో శత్రువు ఉంది. ఉప్పు నీళ్లలో రాగి రేడియేటర్, బీడు బ్లాక్, అల్యూమినియం హెడ్ మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో ముందు కరిగేది అల్యూమినియం. గాస్కెట్ పక్కన నీటి రంధ్రాల అంచులు తినేసి ఉన్న హెడ్లు ఇలా పాడైనవే. కూలెంట్‌ను గడ్డకట్టకుండా వాడేదని, మన వేడి దేశానికి అక్కర్లేదని అనుకోవడం పొరపాటు. ఇక్కడ దాని ముఖ్యమైన పని తుప్పును ఆపడం. ఆ మందు రెండు మూడేళ్లకు బలం తగ్గుతుంది, మార్చాలి. బీడు కూడా తుప్పు పడుతుంది కానీ, గోడ మందం ఉండటంతో చాలాకాలం నెట్టుకొస్తుంది. శ్రద్ధ లేని చోట బీడు ఎక్కువకాలం బతకడానికి కారణం ఇదే.

లేత్ దగ్గర

బాగుచేయడంలో రెండిటికీ వేరువేరు కష్టాలు. బీడు పగిలితే వెల్డింగ్ చేయడం గట్టి పని. హెడ్ అంతటినీ బాగా వేడిచేసి, నికెల్ రాడ్డుతో అతికి, నిదానంగా చల్లార్చాలి. తొందరపడితే పక్కనే మరో పగులు వస్తుంది. అల్యూమినియాన్ని ఆర్గాన్ వెల్డింగ్‌తో అతకడం సులువే, ఛాంబర్ గోడ తినేసినా నింపి మళ్లీ మలచవచ్చు. కానీ అతికిన చోట గట్టిదనం పోతుంది. బీడులో కంటికి కనబడని పగులును అయస్కాంతపు పొడితో పట్టవచ్చు. అల్యూమినియానికి అయస్కాంతం పనిచేయదు, రంగు ద్రవంతోనో, నీటి సందులు మూసి గాలి ఒత్తిడి పెట్టో చూడాలి.

వంగిన అల్యూమినియం హెడ్‌ను ఆటోనగర్‌కు తీసుకెళ్లి ఫేసింగ్ చేయించి బిగించేయడం మామూలు. ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. క్యామ్ షాఫ్ట్ హెడ్ మీదే ఉండే ఇంజన్లలో క్యామ్ అల్యూమినియం రంధ్రాల్లోనే తిరుగుతుంది. హెడ్ వంగితే ఆ రంధ్రాల వరుస కూడా వంగుతుంది. కింది ముఖాన్ని చదును చేసినంత మాత్రాన పైన వరుస సరికాదు. క్యామ్ చేత్తో తేలిగ్గా తిరుగుతోందో లేదో చూడకుండా బిగిస్తే కొన్నాళ్లకు క్యామ్ విరుగుతుంది లేదా రంధ్రాలు అరిగిపోతాయి. చాలా కార్ల మాన్యువల్స్ 0.05 మిల్లీమీటర్ల వంపు దాటితే ఊరుకోవద్దంటాయి. అది కంటితో చూసి తేల్చే సంగతి కాదు, స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ కావాలి. డీజిల్ హెడ్‌ను ఎక్కువ కోస్తే వాల్వులు పిస్టన్‌కు తగిలే ప్రమాదం కూడా ఉంటుంది. హెడ్ విపరీతంగా కాగిందని తెలిస్తే ఫేసింగ్ కంటే ముందు గట్టిదనం పరీక్ష చేయించాలి. మెత్తబడిన హెడ్‌ను ఎంత చదును చేసినా బోల్టు బిగించగానే మళ్లీ నలుగుతుంది.

మరలు మరో సంగతి. ఇంజన్ వేడిగా ఉండగా స్పార్క్ ప్లగ్గులు విప్పితే అల్యూమినియం మరలు ప్లగ్గుతో పాటే ఊడివస్తాయి. కాయిల్ వేసి బాగుచేయవచ్చు, అయినా చల్లారేదాకా ఆగితే ఆ ఖర్చే ఉండదు. బోల్టులు బిగించడానికి టార్క్ రెంచ్ తప్పదు. కొన్ని ఇంజన్లలో హెడ్ బోల్టులు ఒక్కసారి వాడి పారేయాల్సినవి. అవి సాగిపోయి ఉంటాయి, రెండోసారి పట్టు ఇవ్వవు.

ఎవరికి ఏది

పంపుసెట్టు, ట్రాక్టర్, లారీ, బస్సు: బీడు హెడ్. ఇక్కడ నాకు సందేహం లేదు. బరువు అడ్డం కాదు, ఒత్తిడి ఎక్కువ, రోజంతా లోడు, చేతికందిన నీళ్లు. పొలం గట్టున నిలబడే ఇంజన్‌కు బీడు కంటే మంచిది దొరకదు.

కొత్త కారు కొనేవాళ్లకు ఎంచుకునే అవకాశమే లేదు, హెడ్ అల్యూమినియమే. దానికి భయపడనక్కర్లేదు. నాకింగ్ దగ్గర, బరువు దగ్గర, పెట్రోలు ఆదా దగ్గర అది తన ఖర్చు తిరిగిస్తుంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌ను హెడ్‌లోనే కలిపి పోసి నీళ్లతో చల్లబరిచే కొత్త పద్ధతి అల్యూమినియం వల్లే సులువైంది. ఎకోస్పోర్ట్‌లో మనకు వచ్చిన ఫోర్డ్ 1.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజన్ అలాంటిదే. దాని బ్లాక్ మాత్రం బీడు.

పాత కారును అపురూపంగా బాగుచేసుకునేవాళ్లు అసలు హెడ్‌నే నిలుపుకోవడం మంచిది. గట్టి సీట్లు వేయించి, పగుళ్లు చూపించి, మళ్లీ బిగించండి. పవర్ కోసమే అయితే, పిస్టన్లు, క్యామ్, కంప్రెషన్ అన్నీ కలిపి మార్చే ఉద్దేశం ఉన్నప్పుడే అల్యూమినియం హెడ్ కొనండి. కొనేటప్పుడు లోహం కంటే పోర్టు, ఛాంబర్ కొలతలు ముందు అడగండి. మంచి పోర్టు ఉన్న బీడు హెడ్, చెడ్డ పోర్టు ఉన్న అల్యూమినియం హెడ్‌ను ఓడిస్తుంది. రేసు కోసం కట్టేవాళ్లకు చెప్పనక్కర్లేదు. అమెరికా నాస్కార్ కార్లు కూడా ఇనుప బ్లాక్ మీద అల్యూమినియం హెడ్లతోనే పరిగెడుతున్నాయి.

ఏ హెడ్ ఉన్నా టెంపరేచర్ ముల్లు గీత దాటితే బండి పక్కకు తీసి ఆపండి. "ఇంకో ఐదు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. హెడ్లు పోయేది ఆ ఐదు కిలోమీటర్లలోనే. కాగిన ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు, బీడైనా పగులుతుంది. హెడ్ మార్చాల్సి వస్తే, కొత్తది బిగించే ముందు రేడియేటర్ దించి శుభ్రం చేయించి, సున్నం వదిలించి, కంపెనీ చెప్పిన కూలెంట్‌ను శుద్ధమైన నీళ్లలో కలిపి పోయించండి. కొత్త హెడ్ ఖరీదులో ఆ ఖర్చు ఒక మూలకు రాదు.